శ్యామలాదేవిగారి ఏడుపు పరీక్ష

శ్యామలాదేవిగారికి ఉన్న అలవాటు ఒక్కటే. ఎదుటి మనిషిని ఏడిపించనిదే ఆవిడకి తోచదు.

తిట్టి ఏడిపించడం కాదు. ఎంతో ప్రేమగా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకి కాటుక పెట్టి, "నువ్వు చివరిసారి ఎప్పుడు ఏడ్చావమ్మా?" అని అడుగుతారు. జవాబు ఎక్కడ మొదలైనా సరే, కన్నీళ్ళ దగ్గరే తేలుతుంది. అప్పుడావిడ కళ్ళజోడు సవరించుకుని, మనిషిని వదిలేసి కాటుకని మాత్రం పరీక్షగా చూసి, "చెదర్లేదు" అనో, "ఎడమ కంటి కొసన కాస్త చెదిరింది" అనో తీర్పు చెబుతారు. బ్యాంకుకి వెళ్తే కౌంటరు వెనక అమ్మాయి ఏడ్చింది. పెళ్ళిచూపులకి పెద్దమనిషిగా వెళ్తే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి ఏడ్చి, ఆ ఊపులో సంబంధం ఖాయం చేసుకున్నారు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆవిడ కారు ఆపిన ట్రాఫిక్ కానిస్టేబులు ఆ సాయంత్రమంతా కాటుక కళ్ళతోనే డ్యూటీ చేశాడని చెబుతారు. ఇందులో కొంత కల్పన ఉండవచ్చు గానీ, ఆవిడని ఎరిగినవాళ్ళకి అది ఎంతో తేల్చుకోవడం కష్టం.

ఈ అలవాటుకి ఒక వ్యాపార కారణం ఉందని అందరూ అనుకునేవారు. శ్యామలాదేవిగారు తెనాలి నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో చాలా ఏళ్ళు హెయిర్ డ్రస్సర్‌గా పనిచేశారు. పగలు హీరోయిన్లకి జడలు వేస్తూ, ఇంటికొచ్చాక ఆముదం దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి మసి పట్టి, కాటుక తయారుచేశారు. దానికి 'దిష్టిచుక్క' అని పేరు పెట్టారు. "ఏడ్చినా చెదరదు" అన్నది డబ్బా మీది మాట. ఆ ఒక్క మాటతో కాటుక ఊరూరా పాకింది. తర్వాత పెద్ద పెట్టుబడిదారులు వచ్చి కంపెనీ కొనుక్కున్నారు. జూబ్లీ హిల్స్‌లో అద్దాల ఆఫీసు పెట్టారు. ఆవిడ శ్రీనగర్ కాలనీలో తన మల్లె కుండీల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఓ నిర్మాతగారి అమ్మాయి పెళ్ళి జరగకపోయి ఉంటే అక్కడే ఉండిపోయేవారు.

ఆ పెళ్ళికూతురు పెట్టుకున్నది కొత్త రకం దిష్టిచుక్క. గీస్తే వెన్నలా జారే కాటుక. తలంబ్రాల దాకా అందరూ ఆ కళ్ళనే మెచ్చుకున్నారు. అప్పగింతల్లో తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చి, అరచేత్తో కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి బుగ్గలు రెండూ మసిబారిపోయి ఉన్నాయి. తండ్రి తెల్ల పట్టు లాల్చీ మీద రెండు కళ్ళూ అచ్చు పడ్డాయి. ఆ వీడియో రాని ఫోను హైదరాబాదులో లేదు. షాపులవాళ్ళు అట్టపెట్టెలు వెనక్కి పంపడం మొదలుపెట్టారు. పెట్టుబడిదారులు బెంబేలెత్తి, డెబ్బై దాటిన శ్యామలాదేవిగారి ఇంటికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కంపెనీ నడిపించమని బతిమాలుకున్నారు.

ఆ కబురు విన్న దగ్గర్నుంచి హిమజకి అన్నం సహించడం లేదు.

హిమజ ఆ కంపెనీలో టెస్టింగ్ విభాగానికి పెద్ద. ఎర్రగడ్డలో పుట్టి పెరిగి, కష్టపడి చదివి, అద్దాల ఆఫీసులో తన పేరు రాసిన తలుపు దాకా వచ్చిన పిల్ల. కొత్త కాటుకని పాస్ చేసింది ఆ అమ్మాయే. నిర్లక్ష్యంగా చేయలేదు, పాపం. శ్రద్ధ మరీ ఎక్కువై చేసింది. డబ్బా మీద "ఏడ్చినా చెదరదు" అని ఉంది కాబట్టి నీళ్ళు చల్లి చూస్తే చాలదు, మనుషులు ఏడవాలి అనుకుంది. ఏడ్చేవాళ్ళకి ఫిల్మ్‌నగర్‌లో కొదవేముంది. కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టులని పిలిపించింది. సినిమాల్లో చావు సీన్లు వాళ్ళకి కొట్టినపిండి. కంటి కింద గ్లిజరిన్ రాసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కెమెరా ఎటుందో చూసుకుని ఎంతో అందంగా ఏడ్చారు. కన్నీటి బొట్టు బుగ్గ మీదుగా తిన్నగా జారింది. కాటుక ఇసుమంత కదల్లేదు. ఎవరూ కళ్ళు నులుముకోలేదు, ముక్కు చీదలేదు. షాటు మధ్యలో మేకప్ పాడుచేసుకోకూడదన్నది వాళ్ళ వృత్తిలో మొదటి పాఠం. హిమజ సంతోషంగా సంతకం పెట్టింది.

నిజంగా ఏడ్చేవాళ్ళు కళ్ళు రుద్దుకుంటారన్న సంగతి అప్పగింతల వీడియో చూశాక గానీ ఆ అమ్మాయికి తట్టలేదు.

గ్లిజరిన్ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. పెట్టుబడిదారుల తరఫున ఆఫీసులో కూర్చునే అరవింద్‌కి మాత్రం అనుమానమంతా ల్యాబ్ మీదే.

"టెస్టులో పాసైన ప్రోడక్ట్ బయట ఫెయిలైందంటే ల్యాబ్‌లో ఏదో తేడా జరిగింది. నెలాఖరు రివ్యూలో నాకొక పేరు కావాలి. ఎవరో ఒకరు బయటికి వెళ్ళాలి" అన్నాడు.

ల్యాబ్ అంటే మనోజ. హిమజతో రోజూ ఒకే డబ్బాలో అన్నం తినే మనోజ. చెబితే తన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మనోజది పోతుంది. ఇవాళ చెప్పేద్దాం అని హిమజ రోజూ ఇంట్లోంచి బయల్దేరేది. అమీర్‌పేటలో మెట్రో మారేసరికి మనసూ మారిపోయేది.

శ్యామలాదేవిగారు తిరిగొచ్చిన రోజు అందరూ పూలగుత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఉపన్యాసం ఉంటుందనుకున్నారు. ఆవిడ పూలన్నీ దాటి వచ్చి, రిసెప్షన్‌లో ఉన్న ఉదయశ్రీ ముందు ఆగారు.

"చివరిసారి ఎప్పుడు ఏడ్చావమ్మా?"

"నేనసలు ఏడవను మేడమ్. నేను చాలా పాజిటివ్."

"అయ్యో, ఎన్నాళ్ళ నుంచి?" అన్నారావిడ, సంచిలోంచి తన పాత కాటుక తీసి ఆ పిల్ల కళ్ళకి పెడుతూ.

ఉదయశ్రీ నవ్వు కాసేపు నిలబడటానికి ప్రయత్నించింది. తర్వాత, రూమ్మేట్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందనీ, అప్పట్నుంచి ఒక్కతే గోడ వైపు తిరిగి తింటోందనీ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. శ్యామలాదేవిగారు వంగి చూసి, "చెదర్లేదు" అన్నారు. మార్కెటింగ్ వాళ్ళు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక పూలగుత్తులు అటూ ఇటూ మార్చుకున్నారు.

మధ్యాహ్నం గేటు దగ్గర హనుమంతు వంతు వచ్చింది. సెక్యూరిటీ హనుమంతు ఆరడుగుల మనిషి, అందుకు తగ్గ మీసాలు.

"నాకెందుకు మేడమ్ కాటుక. నాకు మీసాలున్నయ్."

"ఉంటే ఉండనీ నాన్నా, వాటికి పెట్టనులే. కూర్చో. ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?"

"అందరు మంచిగున్నరు. మా అన్నతోనే మాటల్లేవు. పొలం గట్టు జరిపిండని లొల్లి పెట్టుకున్న."

"ఎవరు జరిపారు?"

హనుమంతు రోడ్డు వైపు తిరిగాడు. "నేనే జరిపిన మేడమ్" అన్నాడు. ఆ తర్వాత గేటు లోపలికొచ్చిన కార్లవాళ్ళందరికీ కాటుక కళ్ళ మీసాల మనిషి ఎక్కిళ్ళు పెడుతూ సెల్యూట్ కొట్టాడు.

ఇక ఆఫీసు ఆఫీసంతా ఆవిడ చేతిలో పడింది. ఆవిడ తన గదిలోంచి పెద్ద టేబులు తీయించేసి, చుట్టూ బల్బులున్న మేకప్ అద్దం పెట్టించారు. లిఫ్టులో ఆవిడతో ఎక్కిన ఇంజనీరు పై అంతస్తు చేరేలోపే కరిగిపోయాడు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు ఏడ్చి, తేలిక పడి, ఉద్యోగం సంగతి అడగడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాడు. హెచ్ఆర్ వాళ్ళు అందరినీ ఒక చేతిరుమాలు అదనంగా తెచ్చుకోమని మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ రాసిన అమ్మాయి కూడా ఏడ్చే రాసింది.

ఏడవంది హిమజ ఒక్కతే.

"చివరిసారి ఎప్పుడు ఏడ్చావమ్మా?"

"గుర్తులేదు మేడమ్."

"అమ్మానాన్నా?"

"బాగున్నారు మేడమ్."

"ప్రేమా గీమా?"

"టైమ్ లేదు మేడమ్."

శ్యామలాదేవిగారు కాటుక కేసి జాలిగా చూశారు. "దీనికి పనే చెప్పడం లేదు ఈ పిల్ల" అన్నారు.

హిమజ పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఒక్క బొట్టు కారితే దాని వెనకే గ్లిజరిన్ సీసా మొత్తం బయటికొచ్చేస్తుందని భయం. కళ్ళు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. మరోసారి ఆవిడ తన చిన్నప్పుడు తెనాలిలో చచ్చిపోయిన గేదె కథ చెప్పారు. అది ఎంత బాగా చెప్పారంటే, తలుపు అవతల నిలబడ్డ అకౌంట్స్ వాళ్ళంతా గోడకి ఆనుకుని ఏడ్చారు. హిమజ "సో శాడ్ మేడమ్" అని లేచొచ్చేసింది. అప్పట్నుంచి ఆవిడ ఎక్కడ ఎదురుపడ్డా ఒకే మాట అడిగేవారు.

"ఇవాళ?"

"లేదు మేడమ్."

ఆవిడకి తన మీద అనుమానం వచ్చిందనీ, అందుకే వెంటపడుతున్నారనీ హిమజకి రోజురోజుకీ నమ్మకం గట్టిపడింది. ఇంట్లో తల్లి మంజులత కంచం వైపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏంది బిడ్డా, బువ్వ ముట్టుకోలే. ఆఫీసుల ఏమన్న అయ్యిందా?"

"ఏం లేదమ్మా. పని ఎక్కువుంది."

"ఆ ముసలామె అందర్ని ఏడిపిస్తదంట గద. నిన్ను గిట్ల ఏడిపిస్తుందా?"

"నన్నొక్కదాన్నే ఏడిపిస్తలేదు."

"మరి గట్లెందుకు మొహం పెట్టినవ్?"

హిమజ పెరుగన్నంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

రివ్యూ రోజు రానే వచ్చింది. మీటింగుకి ముందు మనోజ తన సీట్లో సామాన్లు సర్దుకుంటూ కనిపించింది. కాఫీ కప్పు, దేవుడి బొమ్మ, చార్జరు ఒక సంచిలో వేసుకుంటోంది.

"ఏంటే ఇది?" అంది హిమజ.

"ఏమో, ముందే సర్దుకుంటే మంచిది కదా. ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు హిమజా. నీ టెస్టుకి నేనే తప్పు శాంపిల్ పంపించి ఉంటాను. నువ్వు అంత బాగా చేశావు టెస్టు, నా వల్ల నీకు కూడా మాటొస్తోంది. సారీ."

హిమజ వెనక్కి తిరిగింది. తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి, బల్బుల అద్దం ముందు కుర్చీలో తనంతట తనే కూర్చుంది.

"పెట్టండి మేడమ్."

శ్యామలాదేవిగారు మారు మాట్లాడకుండా కాటుక పెట్టారు. ఈసారి ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు. రెండో కన్ను పూర్తయ్యీ కాకముందే హిమజకి దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆఫీసులో జాగ్రత్తగా మాట్లాడుతూ వచ్చిన భాష కూడా దాంతో పాటే కొట్టుకుపోయింది.

"నేనే చేసిన మేడమ్. మనోజ తప్పేం లేదు. గ్లిజరిన్‌తోని టెస్ట్ చేయించిన. వాళ్ళు మస్తు మంచిగ ఏడ్చిన్రు. ఒక్కరు కండ్లు రుద్దుకోలే. నాకు సమజ్ కాలే. సంతకం పెట్టిన. గిప్పుడు అది సామాన్లు సర్దుకుంట నాకే సారీ చెప్తుంది మేడమ్."

హిమజ అరచేతులతో రుద్దుకుంది, చున్నీతో తుడుచుకుంది, ముక్కు చీదింది, మళ్ళీ రుద్దుకుంది. శ్యామలాదేవిగారు కాటుక వైపు చూడనే లేదు. ఆ అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"నాకు మొదటి రోజే తెలుసమ్మా. నీ టెస్టు వీడియో తెప్పించుకుని చూశాను. అంతమంది ఆడవాళ్ళు ఏడ్చారు, ఒక్కరి ముక్కూ ఎర్రబడలేదు. ఫిల్మ్‌నగర్ ఏడుపు నేనెరగనా?"

"మరి నన్ను అడగలేదేం మేడమ్?"

"అడిగితే జవాబు చెప్పేదానివి. ఏడ్చేదానివి కాదు. లే, మీటింగుకి టైమైంది."

"మొహం కడుక్కుని వస్తా."

"వద్దు. అలాగే రా."

మీటింగు గదిలో అరవింద్ ల్యాప్‌టాప్ తెరిచి, తెల్లచొక్కా కఫ్ సర్దుకుని, "సో, పేరు?" అన్నాడు. మనోజ తల దించుకుంది.

హిమజ లేచి నిలబడింది. "నాదే సార్" అంది. గ్లిజరిన్ సంగతి మొదట్నుంచి చివరిదాకా చెప్పేసింది. మనోజ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అరవింద్ కూడా నోరు తెరిచాడు, ఏదో అనబోయాడు.

"అరవింద్ బాబూ, ఒక్క క్షణం" అన్నారు శ్యామలాదేవిగారు. "నువ్వు చివరిసారి ఎప్పుడు ఏడ్చావు?"

అందరూ అరవింద్ వైపు తిరిగారు. ఆవిడ అతని జోలికి అంతవరకూ వెళ్ళలేదు.

"మేడమ్, ప్లీజ్. ఇది రివ్యూ."

"నాదీ రివ్యూనే బాబూ. కళ్ళు పైకి పెట్టు." అతను వారించేలోపు ఒక కంటికి కాటుక పడింది. ఒక కంటి కాటుకతో మీటింగు నడపడం ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలోనూ నేర్పరు కాబట్టి, రెండోది అతనే పెట్టించుకున్నాడు.

"హాస్టల్లో చదువుకున్నావా?"

"అవును. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఏం లేదు. ఇంటి దగ్గర్నుంచి అమ్మగారు ఏం పంపేవారు?"

"సున్నుండలు" అన్నాడు అరవింద్. అక్కడే దొరికిపోయాడు.

వాళ్ళమ్మ ప్రతి నెలా సున్నుండలు పంపేదట. హాస్టల్ వార్డెన్ అవి గదికి చేరనిచ్చేవాడు కాదట. చెబితే అమ్మ బాధపడుతుందని, ఫోన్ చేసిన ప్రతిసారీ "చాలా బాగున్నాయమ్మా" అనేవాడట. "ఇప్పటికీ మా అమ్మ అందరితో చెబుతుంది, మావాడికి నా చేతి సున్నుండలంటే ప్రాణం అని. నేను... నేను ఒక్కటి కూడా తినలేదు మేడమ్" అని, పెట్టుబడిదారుల తరఫు మనిషి టేబులు మీద తల పెట్టి భోరుమన్నాడు.

ఏడ్చి ఏడ్చి, తెల్లటి కఫ్‌తో రెండు కళ్ళూ గట్టిగా రుద్దుకున్నాడు. గదిలో అందరూ కఫ్ వైపు చూశారు. తెల్లగానే ఉంది.

"చెదర్లేదు" అన్నారు శ్యామలాదేవిగారు. "అటు చూడు, ఆ పిల్లకీ చెదర్లేదు. ఇందాకట్నుంచి చున్నీ తడిపేసింది. ఇది కొత్త బ్యాచ్. షాపులకి పంపించండి. ఇకనుంచి టెస్టు ఎలా చెయ్యాలో హిమజే రాస్తుంది. రుద్దుకోవడం, చీదడం, దుప్పటి ముసుగేసుకుని ఏడవడం, అన్నీ ఉండాలి. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన ఒక్క మనిషినీ బయటికి పంపేసి, తెలియనివాళ్ళతో నేనేం చేసుకోను బాబూ?"

అరవింద్ తలూపాడు. మాట్లాడే స్థితిలో లేడు. మీటింగు అయ్యాక కారిడార్లో ఫోన్ పట్టుకుని, "అమ్మా, సున్నుండలు చేసి పంపుతావా?" అంటూ కనిపించాడు.

సాయంత్రం మనోజ సంచిలోంచి కాఫీ కప్పు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది. గ్లిజరిన్ దాచినందుకు హిమజని కాసేపు తిట్టింది, కాసేపు నవ్వింది. తర్వాత, "అయినా కొత్త బ్యాచ్ ఇవాళే తేలిందనుకుంటున్నారు అందరూ. మేడమ్ వచ్చిన వారంలోనే కాటుకలో మళ్ళీ పాత మైనమే కలిపాం. ఎంత రుద్దినా పోలేదు. అప్పుడే చెప్పాను ఆవిడకి" అంది.

"మరి ఇన్నాళ్ళూ అందర్నీ ఎందుకు ఏడిపించినట్టు?"

"అది నాకేం తెలుసు."

హిమజ మళ్ళీ ఆ గదికి వెళ్ళింది. శ్యామలాదేవిగారు అద్దం చుట్టూ బల్బులు ఆర్పుతున్నారు.

"మేడమ్, కాటుక ఎప్పుడో పాసైందట."

"ఆఁ, అయింది."

"మరి ఈ పరీక్షలన్నీ?"

ఆవిడ దొరికిపోయినట్టు చూసి, కుర్చీలో కూర్చున్నారు.

"మేకప్ రూములో ఆడపిల్ల ఏడిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? ప్రొడక్షన్ మేనేజరు వచ్చి తలుపు కొట్టేవాడు. షాటు రెడీ, మేకప్ పాడైతే ఎవరు చేస్తారు మళ్ళీ అని. ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుని వెళ్ళిపోయేది. ఒకరోజు నాకు ఒళ్ళు మండి తలుపుకి అడ్డం నిలబడ్డాను. లోపల కొత్త కాటుక పరీక్ష చేస్తున్నాం, కాసేపు ఆగండి అన్నాను. ఆగాడు. ఏడుస్తోందంటే ఎవరూ ఆగరమ్మా. పరీక్ష అంటే ఆగుతారు."

"అప్పటికే కాటుక చేశారా మీరు?"

"ఎక్కడిది? నా దగ్గర దువ్వెన్లూ పిన్నులూ తప్ప ఏమీ లేవు. ఆ అబద్ధం చాలామంది కోసం ఆడాల్సి వచ్చింది. ఆఖరికి అందరూ, ఏదీ ఆ కాటుక, మాకూ చూపించు అని వెంటపడ్డారు. ఇంక తయారుచెయ్యక తప్పింది కాదు."

హిమజ పకపకా నవ్వింది. నవ్వుతూనే, ఉదయశ్రీ ఈమధ్య క్యాంటీన్లో హెచ్ఆర్ అమ్మాయితో కలిసి తింటోందనీ, హనుమంతు సెలవు పెట్టి అన్న దగ్గరికి వెళ్ళొచ్చాడనీ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి చూసి తప్పించుకు తిరిగినందుకు తన మీద తనకే జాలేసింది. బల్ల మీది కాటుక తీసి మూత తిప్పింది.

"కళ్ళజోడు తీయండి మేడమ్."

"ఎందుకూ?"

"మీరు చివరిసారి ఎప్పుడు ఏడ్చారు?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి తిరిగి అడిగినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేరు. శ్యామలాదేవిగారు అద్దం వైపు చూశారు, తలుపు వైపు చూశారు, హ్యాండ్‌బ్యాగు అందుకున్నారు.

"నా కోసం కారొచ్చి ఉంటుందమ్మా. డ్రైవరు ఎదురుచూస్తుంటాడు."

"హనుమంతుకి చెప్పొచ్చా మేడమ్, లోపల కాటుక పరీక్ష జరుగుతోందని. ఎవర్నీ రానియ్యడు."

ఆవిడ హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టేసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయితే రెండు టీలు చెప్పు. గేదె దగ్గర్నుంచి మొదలుపెట్టాలి."

"గేదె కథ ఆఫీసందరికీ తెలుసు మేడమ్."

"అది మొదటి గేదె" అన్నారు శ్యామలాదేవిగారు, కళ్ళు పైకి పెట్టి.